నీళ్లూ 100 డిగ్రీలే, ఆవిరీ 100 డిగ్రీలే, మరి ఆవిరికే ఇంతలా కాలిందేంటి?

సందేహాలసంచి
నిన్న పొద్దున నీళ్లు మరుగుతుంటే మూత తీశా, ఆవిరి భగ్గున మణికట్టు మీదకి కొట్టింది. అరక్షణం కూడా ఉండదు, చెయ్యి వెనక్కి లాగేసుకున్నా, అయినా రెండు బొబ్బలు లేచాయి. పోయిన నెల ఇదే గిన్నెలోంచి మరిగే నీళ్లు నాలుగు చుక్కలు ఇదే చేతి మీద చిందాయి, కాస్త ఎర్రబడింది, సాయంత్రానికి తగ్గిపోయింది. నీళ్లు మరిగేది 100 దగ్గర, ఆవిరి కూడా 100 అనే కదా చిన్నప్పట్నుంచీ చదువుకుంది. థర్మామీటర్ పెట్టి కూడా చూశా, రెండింటికీ ఇంచుమించు ఒకటే చూపించింది. గుప్తోష్ణం అని ఒక్క ముక్క రాసేసి వెళ్లిపోకండి ప్లీజ్, ఆ మాట నాకూ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. అది నా చేతి మీద ఏం చేసిందో అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

మెకానిక్_బాబు
ఆవిరి 100 అని ఎవరన్నారు? నేను బాయిలర్ల దగ్గర పని చేస్తా, మా దగ్గర 500 దాటిన ఆవిరి పైపుల్లో పరిగెడుతుంటుంది. మీకు తగిలింది కూడా 100 పైనే ఉండుంటుంది.

లెక్కల_మాస్టారు
బాయిలర్ వేరు బాబూ, అక్కడ ఆవిరిని నీళ్ల నుంచి విడదీసి మళ్లీ వేడి చేస్తారు. మూత పెట్టిన మామూలు గిన్నెలో అలా కుదరదు, నీళ్లు పక్కనే ఉన్నంతసేపు ఆవిరి కూడా 100 దగ్గరే ఆగిపోతుంది. ఆయన థర్మామీటర్ చెప్పింది నిజమే.

ఇప్పుడు చేతి సంగతి. ఒక గ్రాము మరిగే నీరు చర్మం మీద పడి 37 డిగ్రీలకి చల్లారిందనుకోండి, 63 కేలరీలు చేతికి ఇస్తుంది. అంతే. అదే ఒక గ్రాము ఆవిరి తగిలితే ముందు అది నీరుగా మారాలి. 100 డిగ్రీల ఆవిరి 100 డిగ్రీల నీరవుతుంది, వేడి అంకె కదలదు, కానీ ఆ మారడంలోనే 540 కేలరీలు వదిలేస్తుంది, మీరన్న గుప్తోష్ణం ఇదే. ఆ తర్వాత మామూలు 63. మొత్తం 603. గ్రాముకి గ్రాము చూస్తే ఇంచుమించు పదింతలు. పైగా ఈ మార్పు జరిగేది సరిగ్గా మీ చర్మం మీదే, ఎందుకంటే చుట్టుపక్కల చల్లగా దొరికింది అదే.

రాత్రిడ్యూటీ
లెక్క తర్వాత చూడొచ్చు, ముందు బొబ్బలు చిదపకండి. ఈసారి ఇలా కాలితే వెంటనే కుళాయి కింద చల్లటి నీటిధారలో 20 నిమిషాలు ఉంచండి. ఐస్ పెట్టొద్దు, టూత్‌పేస్ట్ రాయొద్దు. కాలిన గాయాల వార్డులో పనిచేస్తా, రెండు నిమిషాలు నీళ్లలో పెట్టి తీసేసి ఏదో ఒకటి రాసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

కొత్తగా_చేరా
ఐస్ ఎందుకు వద్దు? ఇంకా త్వరగా చల్లబడుతుంది కదా

రాత్రిడ్యూటీ
త్వరగా చల్లబడుతుంది, అదే సమస్య. ఐస్ కరగాలన్నా వేడి కావాలి, గ్రాముకి 80 కేలరీలు, అదంతా అప్పటికే దెబ్బతిన్న చర్మం నుంచే లాగుతుంది. అక్కడ రక్తనాళాలు ముడుచుకుపోతాయి, గాయం ఇంకా లోతవుతుంది.

వంటింటి_సైన్స్
మాస్టారి లెక్కతో నాకు ఒక పేచీ ఉంది. గ్రాముకి గ్రాము అంటే పదింతలు సరే, కానీ ఆవిరి ఒక గ్రాము అంటే ఎంత చోటు పడుతుందో చూడండి, ఒకటిన్నర లీటర్ల పైమాటే. ఒక ఊపులో చేతికి తగిలేది గ్రాములో ఎన్నో వంతు. అదే గిన్నెడు నీళ్లు ఒలికితే వందల గ్రాములు పడతాయి, బట్టలకి పట్టేసి అక్కడే ఉంటాయి. కాబట్టి ఆవిరే ఎక్కువ ప్రమాదం అని పిల్లలకి చెప్పేస్తే మరిగే నీళ్లంటే భయం పోతుంది. ఈయన కేసులో నాలుగు చుక్కలకీ ఒక ఆవిరి ఊపుకీ పోలిక కాబట్టి ఆవిరి గెలిచింది.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నానండీ, ఆ మాట నేనే చేర్చాల్సింది.

వంటింటి_సైన్స్
ఇంకోటి, గిన్నె మీద తెల్లగా కనిపించేది ఆవిరి కాదు, అప్పటికే చల్లబడి సన్నటి నీటిబిందువులైన పొగ. కెటిల్ మూతి దగ్గర చూడండి, మూతికీ తెల్లపొగకీ మధ్య వేలెడు ఖాళీ కనిపిస్తుంది, అసలు ఆవిరి ఆ ఖాళీలో ఉంది, కంటికి కనపడదు. తెల్లగా ఉన్నచోట 540 కేలరీల్లో చాలా భాగం గాలికి ఇచ్చేసి ఉంటుంది. చేతులు కాలేది ఏమీ లేదనుకున్న చోటే.

సందేహాలసంచి
మూత ఎత్తగానే కొట్టింది అదేనన్నమాట!! నాకు పొగ కూడా సరిగ్గా కనపడలేదు. సరే, ఇప్పుడు అసలు డౌటు. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా థర్మామీటర్ 100 దాటదు, మరి ఆ మంటంతా ఎటు పోతోంది? ఆవిరిలోకి పోయింది అంటారు, ఆవిరి కూడా 100 అంటారు, మరి ఏ రూపంలో దాక్కుంది?

ఆవిరిబండి
గుప్తం అంటేనే దాగినది కదా, గుప్తనిధి లాగ :) ఎవరు తవ్వితే వాళ్లకి దొరుకుతుంది, మీరు చేత్తో తవ్వారు.

తుషారబిందువు
నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, హైడ్రోజన్ బంధాలు అంటారు. వేడి అంకె పెరగడం అంటే అణువులు వేగంగా కదలడం. మరిగేటప్పుడు ఇచ్చే వేడి వాటి వేగం పెంచదు, ఆ పట్టు విడిపించడానికి ఖర్చవుతుంది. విడిపోయిన అణువు అదే వేగంతో గాల్లో తిరుగుతూ ఉంటుంది. మళ్లీ ఎక్కడైనా ఇంకో అణువుని పట్టుకున్నప్పుడు ఆ ఖర్చు మొత్తం వేడిగా బయటకొస్తుంది. నీటికి ఈ పట్టు చాలా ఎక్కువ, అందుకే కిలో నీటిని ఆవిరి చెయ్యాలంటే 2257 కిలోజౌల్స్ కావాలి.

ఇంట్లోనే చూడొచ్చు. 30 డిగ్రీల నీళ్లు ఒక లీటర్ పొయ్యి మీద పెట్టి మరగడానికి 5 నిమిషాలు పట్టిందనుకోండి. అదే మంట మీద అవన్నీ ఆవిరైపోవాలంటే ఇంకో 38 నిమిషాల దాకా పడుతుంది, పక్కలకి పోయే వేడి ఇంకో లెక్క. ఆ 38 నిమిషాలూ థర్మామీటర్ కదలదు.

మెకానిక్_బాబు
అందుకే మరిగాక మంట పెద్దది పెడితే నీళ్లు త్వరగా ఇంకిపోతాయి తప్ప లోపలున్నది ఎక్కువ వేడి ఎక్కదు. మరిగాక సిమ్‌లో పెట్టమనేది అందుకే, గ్యాస్ మిగులుతుంది. ఎక్కువ వేడి కావాలంటే కుక్కరే, లోపల ఒత్తిడి పెరిగితే 120 దాకా పోతుంది.

సందేహాలసంచి
అంటే ఒకరకంగా అప్పు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడి అప్పు తీసుకుంటుంది, మళ్లీ నీరయ్యేటప్పుడు తీర్చేస్తుంది.

తుషారబిందువు
తీసుకున్న చోట తీర్చదు, అది గుర్తుపెట్టుకోండి. వాతావరణం అంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

కొత్తగా_చేరా
అయితే నాకు ఇది అర్థం కాలేదు. వాన అంటే ఆవిరి నీరవడమే కదా. అప్పుడు వేడి బయటికి రావాలి. మరి వాన పడితే చల్లగా ఎందుకుంటుంది?? వేడెక్కిపోవాలి కదా

ఆవిరిబండి
కొత్తగా చేరి ఇంత మంచి ప్రశ్నా!

మెకానిక్_బాబు
పైనుంచి పడే నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి. ఇందులో పెద్ద విషయం ఏముంది?

నీలిమేఘం
అది ఒక భాగమే. ఈ థ్రెడ్ ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా గానీ ఇప్పుడు ఆగలేను, వాతావరణం నాకు పిచ్చి.

వేడి విడుదలవుతుంది, అందులో డౌటు లేదు. కానీ అది మేఘంలో, మన తల మీద కొన్ని కిలోమీటర్ల ఎత్తున. నేలమీద తేమ ఆవిరయ్యేటప్పుడు వేడిని ఇక్కడి నుంచి, మన మడుల్లోంచి చెరువుల్లోంచి సముద్రంలోంచి పట్టుకెళ్లింది, పైన మేఘం కట్టేటప్పుడు అక్కడ దింపింది. ఆ వేడే మేఘాన్ని పైకి తోస్తుంది. పొడిగాలి పైకి పోతే కిలోమీటరుకి దగ్గర దగ్గర 10 డిగ్రీలు చల్లబడుతుంది. అదే గాలిలో ఆవిరి నీరవుతూ ఉంటే వేడి అందుతూ ఉంటుంది కాబట్టి, వెచ్చటి తేమగాలి అయితే 5, 6 డిగ్రీలే తగ్గుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న గాలికంటే వెచ్చగా తేలిగ్గా ఉండి ఇంకా ఇంకా పైకి లేస్తుంది. కారుమబ్బు కోటగోడలా నిలబడేది అందుకే.

ఇక కిందకి వచ్చే సంగతి. చినుకులు మేఘం కింద పొడిగాలిలోంచి పడుతూ సగం దారిలోనే కొన్ని ఆవిరైపోతాయి. ఆవిరవ్వాలంటే వేడి కావాలి, ఆ గాలి నుంచే లాక్కుంటాయి. ఆ గాలి చల్లబడి బరువెక్కి దభాలున కిందకి దిగి నేలకి కొట్టుకుని నాలుగువైపులా పరుచుకుంటుంది. వానకి ముందు ఒక చల్లగాలి దుమ్ము లేపుకుంటూ వస్తుంది చూశారా, తలుపులు దబదబా కొట్టుకుంటాయి, తర్వాత పది నిమిషాలకి చినుకులు. ఆ గాలి ఇదే. వాన మీదాకా రాకముందే ఎక్కడో చినుకులు ఆవిరై చల్లబరిచి పంపిన గాలి.

కొత్తగా_చేరా
అయ్య బాబోయ్. ఆ గాలి నాకు చాలా ఇష్టం, ఎక్కణ్ణించి వస్తుందో ఇన్నేళ్లు ఎప్పుడూ ఆలోచించలేదు

లెక్కల_మాస్టారు
ఎంత వేడి దింపుతుందో లెక్క కడదామా. ఒక చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన పడిందనుకోండి, ఓ మోస్తరు జల్లు. అది 10,000 టన్నుల నీరు. కిలోకి 2450 కిలోజౌల్స్ చొప్పున (మరిగే వేడి దగ్గర కాకుండా మామూలు గాలి వేడి దగ్గర కొంచెం ఎక్కువ పడుతుంది) లెక్కేస్తే కరెంటు యూనిట్లలో 68 లక్షలు వచ్చింది. రెండుసార్లు చేసి చూసుకున్నా, తప్పు లేదు.

ఆవిరిబండి
ఒక్క జల్లుకి 68 లక్షల యూనిట్లా.. ఉరుములు ఉరమవా మరి

నీలిమేఘం
తుఫాను బలం అంతా ఇదే. సముద్రం పైపొర 26.5 డిగ్రీలు లేదా పైన ఉంటేనే సాధారణంగా తుఫానులు పుట్టి పెరుగుతాయి, ఎందుకంటే అక్కడ ఆవిరి పుష్కలంగా దొరుకుతుంది. నేలమీదకి రాగానే బలహీనపడుతుంది, చెట్లు కొండలు అడ్డుపడటం కూడా ఉంది గానీ పెద్ద కారణం కింద నుంచి ఆవిరి సరఫరా తెగిపోవడం.

పాతపుస్తకం
ఈ గుప్తోష్ణం సంగతి మొదట కనిపెట్టిన ఆయన గురించి ఎవరూ రాయలేదేంటి. జోసెఫ్ బ్లాక్, గ్లాస్గో విశ్వవిద్యాలయం, 1760ల మొదట్లో. అప్పటిదాకా అందరూ ఏమనుకునేవాళ్లంటే, మంచు కరిగే వేడికి చేరాక ఇంకాస్త వేడి తగిలితే చాలు మొత్తం నీరైపోతుందని. బ్లాక్ అడిగింది ఏంటంటే, అదే నిజమైతే కొండల మీద మంచు వసంతం మొదలవగానే ఒక్కసారిగా కరిగి వరదలు ముంచెయ్యాలి కదా, అలా జరగట్లేదే, వారాల తరబడి మెల్లగా కరుగుతోందే అని.

అప్పుడు రెండు గాజు పాత్రలు తీసుకుని ఒకదాంట్లో మంచు, ఇంకోదాంట్లో మంచంత చల్లటి నీళ్లు పెట్టి పెద్ద గదిలో వేలాడదీశాడు. నీళ్లు ఫారన్‌హీట్‌లో 33 నుంచి 40కి రావడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే 40కి రావడానికి పదిన్నర గంటలు. అదే గది, అదే గాలి. పది గంటలు ఆ మంచులోకి వేడి వెళ్తూనే ఉంది, థర్మామీటర్‌కి మాత్రం ఏమీ తెలియలేదు. గుప్తం అన్న పేరు అక్కడి నుంచే.

అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్‌కి 1763 ప్రాంతంలో ఒక ఆవిరి యంత్రం నమూనా రిపేరుకి వచ్చింది. చూస్తే కొంచెం ఆవిరి తన బరువుకి ఆరింతల చల్లటి నీటిని మరిగేదాకా తీసుకొస్తోంది, ఆయనకి అంతుబట్టలేదు, బ్లాక్‌ని అడిగితే ఆయన విడమరిచి చెప్పాడు. తర్వాత 1765లో ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలన్న ఆలోచన వచ్చింది, యంత్రం ఖర్చు చాలా తగ్గిపోయింది.

లెక్కల_మాస్టారు
ఆరింతలు సరిగ్గా సరిపోయింది! 540ని ఆరు పెట్టి భాగిస్తే 90. అంటే 10 డిగ్రీల నీటిని 100కి తెచ్చినట్టు. 250 ఏళ్ల కింద ఆ థర్మామీటర్లతో..

సందేహాలసంచి
కొండ మీద మంచు ప్రశ్న చదివాక రెండుసార్లు ఆగా. అందరూ చూసేదే, ఆయన ఒక్కడికే తేడా తట్టింది.

రాత్రిడ్యూటీ
చెమట గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు వార్డులో రోజూ కనిపించేది అదే. ఒక లీటరు చెమట చర్మం మీద నుంచి ఆవిరైతే 580 కిలోకేలరీల దాకా వేడి పట్టుకెళ్తుంది. ఆవిరైతేనే. కారి నేలమీద పడితే శరీరానికి లాభం దాదాపు ఏమీ లేదు, నీరూ ఉప్పూ నష్టం. ఉక్కపోత రోజుల్లో వడదెబ్బ తగిలేది ఇలాగే, మనిషి తడిసి ముద్దవుతాడు కానీ చల్లబడడు.

మెకానిక్_బాబు
అందుకే మా ఇంట్లో కూలర్ పొడి ఎండల్లో బ్రహ్మాండంగా పనిచేసి, గాల్లో తేమ పెరిగితే ఉత్త ఫ్యాన్ అయిపోతుంది. తలుపులు బిగించి కూలర్ పెట్టేవాళ్లకి చెప్పీ చెప్పీ అలిసిపోయా, కిటికీ తెరవకపోతే తేమంతా గదిలోనే ఉండిపోయి గంటలో ఆవిరి గది తయారవుతుంది.

వంటింటి_సైన్స్
ఏసీ నుంచి కారే నీళ్లు కూడా ఇదే లెక్క కదా? గదిలో ఆవిరి నీరవ్వాలంటే దాని వేడి తీసెయ్యాలి. లీటరుకి 0.68 యూనిట్. అంటే బకెట్ నిండిందంటే అంత కరెంటు తేమకే పోయిందన్నమాట.

మెకానిక్_బాబు
వేడి 0.68, కరెంటు అంత కాదు. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి బయటికి తోస్తుంది, కాబట్టి లీటరుకి పావు యూనిట్ లోపే. ఇంకో ముచ్చట, ఏసీ ఒక టన్ను అంటారు చూడండి, అది మిషన్ బరువు కాదు, ఒక టన్ను ఐస్ 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అంత. పాత అమెరికా టన్ను, 907 కిలోలు. ఏసీలు రాకముందు ఐస్ దిమ్మలతోనే చల్లబరిచేవాళ్లు, ఆ కొలత అలాగే ఉండిపోయింది.

లెక్కల_మాస్టారు
907 ఇంటూ 334 (కిలో ఐస్ కరగడానికి పట్టే కిలోజౌల్స్) బై 86400 (రోజులో సెకన్లు).. మూడున్నర కిలోవాట్లు. సరిపోయింది బాబూ!

కొత్తగా_చేరా
రాత్రిడ్యూటీ గారూ, మరి ఎంత తేమ ఉంటే చెమట ఇక పనిచెయ్యదు?

రాత్రిడ్యూటీ
దానికి తడిబల్బు ఉష్ణోగ్రత అని ఒకటి ఉంది, థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి ఆడేలా పెడితే చూపించే అంకె. అది 35 చేరితే నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నా శరీరం వేడి వదిలించుకోలేదని సిద్ధాంతం. తర్వాత మనుషుల మీద పరీక్షించి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకే తేమగాలిలో 31 దగ్గరే ఇబ్బంది మొదలైంది. ముసలివాళ్లకి ఇంకా ముందే. మామూలు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఇవాళ ఎండ తక్కువే అనుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, దయచేసి.

చలిదేశంలో
ఆలస్యంగా వచ్చా. అందరూ ఎండ గురించే రాశారు, మా వైపు చలికాలం మొత్తం మైనస్‌లోనే. బట్టలు బయట ఆరేస్తే ముందు అట్టముక్కల్లా బిగుసుకుపోతాయి, చొక్కా నిలబెడితే నిలబడుతుంది. అయినా ఎండా గాలీ ఉంటే ఒకట్రెండు రోజుల్లో పొడిబారతాయి, ఒక్క చుక్క కారదు. మంచు నేరుగా ఆవిరి అయిపోతుంది, ఉత్పతనం.

ఇంకోటి, ఇక్కడ పండ్లతోటల వాళ్లు పూత మీద ఉన్నప్పుడు రాత్రి గడ్డకట్టే చలి వస్తే చెట్ల మీద నీళ్లు చల్లుతారు, తెల్లారేదాకా ఆపకుండా. మొదటిసారి చూసినప్పుడు వీళ్లకేమైనా పిచ్చా అనుకున్నా.

సందేహాలసంచి
చలికి గడ్డకడుతుంటే నీళ్లు పోస్తారా?!

చలిదేశంలో
అవును. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకి 80 కేలరీలు వదులుతుంది, మీ ఆవిరి వదిలినట్టే. ఆ వేడితో పూత సున్నా దగ్గరే నిలబడుతుంది, ఇంకా కిందకి పోదు. చాలా పూతలు సున్నా దగ్గర బతుకుతాయి, కొన్ని డిగ్రీలు దిగితే పోతాయి. పొద్దునకి చెట్టంతా గాజు తొడుగు వేసినట్టు ఉంటుంది, లోపల పువ్వు బానే ఉంటుంది. మధ్యలో నీళ్లు ఆపితే మాత్రం పని చెడుతుంది, తడి మీద పొడిగాలి తగిలి ఆవిరవ్వడం మొదలుపెడితే ఉన్న వేడి కూడా లాగేస్తుంది.

పాతపుస్తకం
మా బంధువులొకరు వెనకటికి చలిప్రాంతంలో ఉన్నప్పుడు నేలమాళిగలో నీళ్ల పీపాలు పెట్టేవాళ్లట, నిలవున్న సరుకు గడ్డకట్టకుండా. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

లెక్కల_మాస్టారు
100 లీటర్లు గడ్డకడితే 9 యూనిట్ల పైన వేడి. ఒక కిలోవాట్ హీటర్ తొమ్మిది గంటలు వేసినట్టు.

తుషారబిందువు
మంచు కురుస్తున్నప్పటికంటే కరిగేటప్పుడు చలి ఎక్కువనిపిస్తుందని అంటారు కదా చలిదేశంలో గారూ, నిజమేనా?

చలిదేశంలో
నాకైతే అలాగే ఉంటుంది. కరిగేటప్పుడు చుట్టూ గాలి నుంచి వేడి లాగుతుంది, పైగా అప్పుడు గాల్లో తడి, కాళ్లు తడి. అందులో ఎంత గుప్తోష్ణం వల్ల, ఎంత తడి మేజోళ్ల వల్ల అంటే విడదీసి చెప్పలేను.

సందేహాలసంచి
ఇవాళ ఒక పని చేశా. మా అబ్బాయితో కలిసి రెండు గ్లాసులు పెట్టా, ఒకదాంట్లో ఐస్, ఇంకోదాంట్లో ఐస్‌తో చల్లబరిచి వడకట్టిన నీళ్లు, రెండూ ఒకే బరువు తూచి. బ్లాక్ గారి లాగానే అన్నమాట, కాకపోతే ఇక్కడ గది వెచ్చగా ఉంది కాబట్టి అన్ని గంటలు పట్టదు. నీళ్ల గ్లాసు ఇప్పటికే 20 దాటింది. ఐస్ గ్లాసు రెండు గంటలుగా సున్నా మీదే కూర్చుంది, వాడు పది నిమిషాలకోసారి వచ్చి థర్మామీటర్ పాడైందా అని అడుగుతున్నాడు.

లెక్కల_మాస్టారు
ఐస్‌ని మధ్యమధ్యలో కలుపుతున్నారా? కలపకపోతే అడుగున నీళ్లు 4 డిగ్రీల దాకా ఎక్కి తప్పు చూపిస్తుంది.

సందేహాలసంచి
కలుపుతున్నాం. ఇంకో చిన్న ముక్క మిగిలింది, అది కరగ్గానే రాస్తా.

కొత్తగా_చేరా
నేనూ ఎదురుచూస్తున్నా

సందేహాలసంచి
కరిగిపోయింది. రెండు గంటల నలభై నిమిషాలు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే ఒక డిగ్రీ పైకి కదిలింది, వాడు గెంతులేశాడు.